యాభై అయిదు నిమిషాల దారి

లేని విమానం ఒక ఊరి నుంచి మరొక ఊరికి ఎంతసేపట్లో చేరుతుంది?

ఈ ప్రశ్నను పెద్దమ్మ ఒక అధికారిని అడిగింది, ఇద్దరు లాయర్లను అడిగింది, చివరికి ట్రావెల్స్ ఆఫీసులో గాజుబల్ల వెనక కూర్చునే అమ్మాయిని కూడా అడిగింది. అధికారి గోడ గడియారం వైపు చూశాడు. లాయర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ట్రావెల్స్ అమ్మాయి పాపం నవ్వి ఊరుకుంది. జవాబు ఇంతవరకు ఎవరి నోటా రాలేదు.

న్యాయంగా ఆమెను పెద్దమ్మ అని పిలవవలసింది లోకంలో ఒకే ఒక్క మనిషి, చెల్లెలి కూతురు. ఏడేళ్ళు నిండిన ఆ పిల్లను ఇంట్లో పిడుగు అంటారు. కూర్చుంటే కాళ్ళు ఊరుకోవు, కాళ్ళు ఊరుకుంటే నోరు ఊరుకోదు. పిడుగు పిలుపునే వీధి అందుకుంది. ఇప్పుడు ఆమె కంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా పెద్దమ్మా అంటూనే దుకాణం మెట్లెక్కుతారు. బజారు మలుపులో కళ్ళద్దాల దుకాణం ఆవిడది. ఎంత పేరున్న డాక్టరు చీటీ తెచ్చినా సరే, మనిషిని అద్దం ముందు కూర్చోబెట్టి, రెండు కనుపాపల మధ్య ఎడం తన స్కేలుతో తానే కొలిచి, ఫ్రేము చెవి వెనక ఎక్కడ ఒరుసుకుంటోందో వేలితో తడిమి చూసుకుంటే గాని అద్దాలు చేతికివ్వదు. తొందరపడే వాళ్ళకు ఆమె ఇచ్చే సమాధానం ఒకటే: చీటీ కాగితం మీద ఉంటుంది, ముక్కు మొహం మీద ఉంటుంది.

అక్కాచెల్లెళ్ళిద్దరూ దుకాణం పై వాటాలోనే ఉంటారు. చెల్లెలు ఆసుపత్రిలో డయాలసిస్ గదిలో పనిచేస్తుంది. రోగులకు సూదులు గుచ్చి, యంత్రాలకు కలిపి, నాలుగు గంటల పాటు వాళ్ళ రక్తం వైపు చూస్తూ నిలబడే ఉద్యోగం. శని, ఆదివారాలు ఆ గదిలో సెలవు దొరకదు. భర్తతో విడిపోయి రెండేళ్ళు కావస్తోంది. ఆ మనిషిని చెడ్డవాడనడానికి పెద్దమ్మకు కూడా నోరు రాదు. తాగడు, తిట్టడు, పిల్లంటే ప్రాణం పెడతాడు. అతనితో చిక్కల్లా ఏమిటంటే, అచ్చులో కనిపించిన ప్రతి మాటనూ నమ్ముతాడు, ఎదురుగా నిలబడి చెప్పే మనిషిని నమ్మడు. ఓడల మరమ్మతు కర్మాగారంలో ఇంజనీరు. కొండలకు అవతల, సముద్రం పక్కనున్న రేవు పట్నానికి అతన్ని బదిలీ చేశారు. అప్పుడే పిల్ల సంగతి కుటుంబ న్యాయస్థానానికి వెళ్ళింది.

న్యాయస్థానమంటే ఎత్తయిన పీఠం, సుత్తి, నల్లకోటు ఊహించుకుని వెళ్ళిన పెద్దమ్మకు అక్కడ ఒక మామూలు గది కనిపించింది. పొడుగాటి బల్ల, ఒక వైపు కుంటుతున్న కుర్చీ, కిటికీకి దుమ్ము పట్టిన తెర. బల్లకు అవతల అధికారి. ఆయన మాట మెత్తన. అందరినీ మంచినీళ్ళు తాగమన్నాడు. పిల్ల తల్లి దగ్గరే ఉండాలని, రెండు వారాలకొకసారి శనివారం పొద్దున్న పదకొండుకల్లా తండ్రి దగ్గరకు చేరి ఆదివారం సాయంత్రానికి తిరిగి రావాలని ఆయన ప్రతిపాదించాడు. అంతదూరం పసిపిల్ల ఎలా వెళ్తుందని చెల్లెలు అడిగింది. కొండ దారిన బస్సులో వెళ్తే ఒక పగలూ ఒక రాత్రీ పడుతుందని ఆమెకు తెలుసు.

తండ్రి అప్పటికే రేవు పట్నం వెళ్ళిపోయాడు. అతని తరపు లాయరు అప్పుడు తన కంప్యూటరు తెరిచాడు. ఒక గడిలో ఈ ఊరి విమానాశ్రయం పేరు కొట్టాడు, పక్క గడిలో ఆ పట్నం విమానాశ్రయం పేరు కొట్టాడు. తెర మీద ఒక పటం, దాని మీద ఇటు నుంచి అటు వంగిన ఒక నీలిగీత, కింద రెండు అంకెలు. ఆకాశమార్గాన దూరం నాలుగు వందల పన్నెండు కిలోమీటర్లు. ప్రయాణ కాలం యాభై అయిదు నిమిషాలు.

"మా ఇంటి నుంచి ఈ ఆఫీసుకు రావడానికి నాకు గంటన్నర పడుతుందండీ. నాకంటే ఈ పాప ప్రాణమే హాయి," అన్నాడు లాయరు.

అధికారి నవ్వాడు. తమ లాయరు కూడా నవ్వాడు. గుండెల మీద బరువు దిగిపోయినట్టు చెల్లెలు నవ్వింది. పెద్దమ్మయితే ఆ లాయరుకు ధన్యవాదాలు కూడా చెప్పింది. రెండు కనుపాపల ఎడం రెండుసార్లు కొలిచే మనిషి, రెండు ఊళ్ళ ఎడం ఎవడో తెర మీద చూపిస్తే తలూపి ఊరుకుంది. అధికారి ఆ రెండు అంకెలనూ ఉత్తర్వులో రాయించాడు. ఆ గదిలో అయిదుగురు చదువుకున్న మనుషులున్నారు. ఆ గీత వెంట విమానం వెళ్తుందా అని ఒక్కరికీ తోచలేదు.

మర్నాడు టికెట్లు కొనడానికి వెళ్ళినప్పుడు ట్రావెల్స్ అమ్మాయికి తోచింది. ఆమె కళ్ళద్దాలు పెద్దమ్మ చేసిచ్చినవే. వాటిని ముక్కు మీదకు తోసుకుని ఉత్తర్వు కాగితం రెండుసార్లు చదివింది.

"ఈ రెండు ఊళ్ళ మధ్య విమానం లేదు పెద్దమ్మా. ఎప్పుడూ లేదు."

"కోర్టులో చూపించారే, యాభై అయిదు నిమిషాలని."

"అది ఉత్త కొలత. ఏ రెండు విమానాశ్రయాల పేర్లిచ్చినా చెప్పేస్తుంది. భూగోళం బొమ్మ మీద దారం పెట్టి లాగినట్టన్నమాట. అక్కడ విమానం తిరుగుతోందా, గేదెలు తిరుగుతున్నాయా అన్నది దానికి పట్టదు."

ఉన్న దారి ఏమిటో కూడా ఆ అమ్మాయే చెప్పింది. రేవు పట్నం ఉత్తరాన ఉంది కాబట్టి ముందు దక్షిణానికి వెళ్ళాలి. మహానగరంలో దిగి, మధ్యాహ్నం దాకా కూర్చుని, రెండో విమానం ఎక్కి, బయలుదేరిన ఊరి పక్క నుంచే పైకి వెళ్ళాలి. దిగాక పట్నంలోకి గంట సేపు బస్సు. తెల్లారకముందే ఇల్లు వదిలితే సాయంత్రం నాలుగు దాటాక తండ్రి గుమ్మం కనిపిస్తుంది. ఆదివారం పదకొండుకు తిరుగు ప్రయాణం మొదలుపెట్టాలి. శుక్రవారం సాయంత్రం వెళ్దామంటే ఈ ఊరి నుంచి అసలు విమానమే లేవదు.

పెద్దమ్మ అక్కడే కుర్చీలో కూర్చుని తమ లాయరుకు ఫోన్ చేసింది. ఆయన అంతా విని, ఉత్తర్వు ఉత్తర్వేనని, తర్వాతి వాయిదాలో చూద్దామని, అందాకా వీలైనంత తొందరగా వెళ్తూ ఉండమని సలహా ఇచ్చాడు. వీలైనంత అంటే ఎంత అని ఆమె అడిగే లోపల ఆయనకు ఇంకో ఫోన్ వచ్చింది.

అలా మొదలైంది. రెండు వారాలకొకసారి, చీకటి ఉండగానే, నిద్రకళ్ళతో తూలుతున్న పిల్లకు కూర్చోబెట్టి జడలు వేయడం. పరాయి హాలులో ఇనప కుర్చీల మధ్య పూట గడపడం. ఎవరూ నడుం వాల్చకుండా ఆ కుర్చీలకు మధ్య మధ్య చేతులు అమర్చి ఉంటాయి. పిడుగు ఆ చేతుల కింద నుంచి దూరి పడుకోవడం నేర్చుకుంది. లెక్కల పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని చేసింది. నేల తుడిచే యంత్రం మీద కూర్చుని తిరిగే మనిషితో స్నేహం చేసి, అతని చేత ఒకసారి బూరా కూడా మోగించింది. తీరా తండ్రి ఇల్లు చేరేసరికి ఆ పిల్లలో మిగిలేది ఆవలింత. అన్నం ముందు కునుకు. పొద్దున్న లేచి నాన్న భుజమెక్కి సముద్రం ఎక్కడుందని అడిగేసరికి పెద్దమ్మ సంచీ సర్దుతూ ఉండేది.

ఆ ప్రయాణాల్లో తండ్రి ఒక్కటీ చేయలేదు. బదిలీ అయినప్పుడు సామాను లారీతో పాటు కొండదారిన వెళ్ళినవాడు మళ్ళీ ఇటు రాలేదు. అక్కడి కొలువు కొత్తది, సెలవు దొరకదు. పిల్ల ఎందుకు ఆలస్యంగా వస్తోందో వదినగారు మొదటిసారే గుమ్మంలో నిలబడి చెప్పింది. టికెట్ల ఫొటోలు పంపింది. అతను నమ్మలేదు. కోర్టు కాగితం మీద యాభై అయిదు నిమిషాలని అచ్చయి ఉంది కదా, కావాలని చుట్టుదారిన తిప్పి తీసుకొస్తున్నారని, తనకూ పిల్లకూ మధ్య గంటలు కొరుక్కు తింటున్నారని అతని నమ్మకం. వెతికి చూస్తే నిజం అర నిమిషంలో తెలిసేది. ఓడ అడుగున వెంట్రుకంత పగులు పట్టుకునే ఇంజనీరుకు ఆ అర నిమిషం దొరకలేదు. అతను చేసిందల్లా లాయరుకు చెప్పడం. లాయరు చేసిందల్లా ఫిర్యాదు రాయడం: తల్లి కోర్టు ఉత్తర్వును ప్రతిసారీ ఉల్లంఘిస్తోంది.

రెండో వాయిదాకు అతను గోడ మీది తెరలో కూర్చున్నాడు. అంత దూరం నుంచి రానక్కర్లేదని అధికారే అనుమతించాడట. ఆ మాట చదివి వినిపిస్తున్నప్పుడు ఆ గదిలో ఎవరి గొంతూ తడబడలేదు.

పెద్దమ్మ టికెట్లన్నీ బల్ల మీద పరిచింది. తండ్రి లాయరు వాటి వైపు చూడకుండానే, అవి వాళ్ళు ఎంచుకున్న దారికి సాక్ష్యాలే గాని వేరే దారి లేదనడానికి సాక్ష్యాలు కావన్నాడు. మళ్ళీ కంప్యూటరు తెరిచి, మళ్ళీ అవే రెండు పేర్లు కొట్టాడు. నీలిగీత వచ్చింది. అధికారి ముందుకు వంగి చూసి, తృప్తిగా వెనక్కి వాలాడు.

"ఇదుగోనమ్మా, ఇప్పటికీ యాభై అయిదే చూపిస్తోంది."

"నా కళ్ళకు కూడా కనిపిస్తోంది సార్. ఆ విమానానికి మీరు ఒక్క టికెట్టు కొనివ్వండి. ఇప్పుడే, ఈ కంప్యూటర్లోనే."

"టికెట్లు కొనడం ఈ ఆఫీసు పని కాదమ్మా."

"పోనీ, లేని విమానం ఎంతసేపట్లో చేరుతుందో చెప్పండి. అది రాసింది ఈ ఆఫీసే."

అధికారి గడియారం చూసింది అప్పుడే. ఆయన కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడడు. అది ఇంకా ఘోరం. తల్లి మనసు తనకు అర్థమవుతోందని, కాని పిల్ల తండ్రి ప్రేమకు దూరం కాకూడదని, ఇంకొక్కసారి ఆలస్యమైతే పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్న విషయం మొదటి నుంచి మళ్ళీ చూడవలసి వస్తుందని చెప్పాడు. బహుశా పిల్ల తండ్రి దగ్గర ఉండి తల్లిని చూడడానికి వస్తూ పోతూ ఉండడమే నయమేమో అన్నాడు. అప్పుడు మాత్రం ఆ విమానం పుడుతుందా అని పెద్దమ్మ అడిగింది. లాయర్లిద్దరూ ఫైళ్ళు కట్టేసుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ దీపం వేయలేదు. చెల్లెలు బట్టలు మార్చుకోకుండానే వంటింటి గట్టుకు ఆనుకుని నిలబడింది.

"అక్కా, ఈసారి లేటవకుండా చూడవే."

"నన్ను రెక్కలు కట్టుకోమంటావా?"

"ఏమో. నాకు తెలియదు. దాన్ని తీసేసుకుంటారే. నా దగ్గర్నుంచి తీసేసుకుంటారు. ఎక్కడో ఒకచోట కాస్త తగ్గించు. మధ్యలో తినడాలూ తాగడాలూ బాత్రూములూ..."

"విమానం దాని టైముకు అది లేస్తుందే పిచ్చిదానా. నువ్వు బాత్రూముకు వెళ్ళకపోతే అది ముందే లేస్తుందా?"

చెల్లెలు ఏడుస్తూ నవ్వింది. ఇద్దరూ గొంతు తగ్గించి ఇంకా చాలాసేపు పోట్లాడుకున్నారు. పక్కగదిలో పిడుగు నిద్రపోయిందనే అనుకున్నారు.

తర్వాతి శనివారం మహానగరం హాలులో పెద్దమ్మకు తేడా తెలిసింది. పిల్ల కుర్చీ చేతుల కింద దూరలేదు. నేల తుడిచే యంత్రం పక్క నుంచి వెళ్తూ ఆ మనిషి బూరా మోగించినా తల తిప్పలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని, బూట్లు రెండూ ఒకదానికొకటి ఆనించి, తలుపు మీది ఎర్ర అక్షరాల వైపే చూస్తోంది. ఏమైనా తింటావా అంటే వద్దంది. పళ్ళరసం కొనిస్తే మూత తీయలేదు. బాత్రూముకు వెళ్దామంటే రావట్లేదంది. చెంప మీద చెయ్యి వేస్తే పెనం తాకినట్టుంది.

"ఏమైందే తల్లీ?"

"ఏం లేదు."

"కడుపులో నొప్పా?"

పిల్ల పెదవి కొరుక్కుంది. కింద మండుతోందని, నిన్నటి నుంచీ మండుతోందని పెద్దమ్మ చెవిలో చెప్పింది. నీళ్ళు తాగావా అని అడిగింది పెద్దమ్మ. తాగలేదు. నిన్న బడిలో? తాగలేదు. ఇంటి నుంచి ఇక్కడిదాకా? లేదు. ఎందుకు తాగలేదే అని అడిగినప్పుడు ఆ పిల్ల బదులు చెప్పిన తీరు, అంత విడమరిచి, అంత ఓపికగా, పెద్దవాళ్ళకు లెక్క అర్థమయ్యేటట్టు చెప్పిన తీరు, పెద్దమ్మ బతికినంత కాలం మరిచిపోదు.

"నీళ్ళు తాగితే బాత్రూంకి వెళ్ళాలి. బాత్రూంకి వెళ్తే మనం లేటవుతాం. లేటైతే నన్ను అమ్మ దగ్గర్నుంచి తీసేస్తారు. నేను తాగకపోతే యాభై అయిదు నిమిషాల్లో వెళ్ళిపోతాం కదా పెద్దమ్మా."

ఏడేళ్ళ పిల్ల. పెద్దల లెక్కలో తప్పు ఉండొచ్చని ఆమెకు ఎవరూ నేర్పలేదు. అంకె సరైనదే అయితే ఆలస్యం ఎక్కడో ఉండాలి కదా. వెతుక్కుంది. తన ఒంట్లో దొరికింది. చదువుకున్న వాళ్ళు అయిదుగురు నవ్వుతూ రాయించిన ఒక వాక్యం, కాగితం మీది నుంచి దిగి, ఒక పసిపిల్ల మూత్రాశయంలోకి వెళ్ళి కూర్చుంది.

విమానాశ్రయంలోనే ఉన్న డాక్టరు పిల్లను పరీక్షించి, ఇన్‌ఫెక్షన్ అని, జ్వరం బాగా ఉందని, మందు ఇస్తానుగాని ముందుకు మాత్రం వెళ్ళవద్దని, దగ్గరలో తెలిసినవాళ్ళుంటే వాళ్ళింట్లో పడుకోబెట్టమని చెప్పింది. దగ్గరలో తమవాళ్ళెవరూ లేరు. రేవు పట్నానికి వెళ్ళే విమానం పిలుపు రెండోసారి వినిపిస్తోంది. ఎక్కకపోతే ఏమవుతుందో పెద్దమ్మకు అధికారి తన మెత్తటి గొంతుతో ముందే చెప్పాడు. పిల్ల తల్లికి కాకుండా పోవచ్చు. ఎక్కితే ఏమవుతుందో డాక్టరు చెప్పింది. పెద్దమ్మ తిరుగు టికెట్టు కొంది. కొన్నాక రేవు పట్నానికి ఫోన్ చేసింది.

"పిల్లను తీసుకురావడం లేదు. ఒళ్ళు కాలిపోతోంది. వెనక్కి తీసుకెళ్తున్నాను."

 అతను, వదిన మీద గౌరవం ఇంకా పూర్తిగా చావని గొంతుతో, ప్రతిసారీ ఏదో ఒకటి చెప్తారని, ఈసారి జ్వరమా అని, ఇది తన లాయరుకు చెప్పక తప్పదని అన్నాడు.

"చెప్పు. చెప్పి నువ్వే బయల్దేరి రా. యాభై అయిదు నిమిషాలేగా."

"వస్తాను వదినా. రేపు పొద్దున్నే బయల్దేరి పదికల్లా మీ ఇంట్లో ఉంటా. పాప బట్టలు సర్ది ఉంచండి. నాతో తీసుకెళ్తా."

"రా. సర్దే ఉంచుతాను."

ఆదివారం చెల్లెలు డ్యూటీకి వెళ్ళలేదు. పిల్ల పక్కన కూర్చుని చెంచాతో నీళ్ళు పట్టింది. ప్రతి చెంచాకూ పిడుగు అమ్మ మొహం చూసి, తాగవచ్చునని రూఢి చేసుకుని తాగింది. పది దాటింది. మధ్యాహ్నమైంది. అక్క నిజంగానే చిన్న సంచీలో రెండు గౌన్లు మడిచి గుమ్మం పక్కన పెట్టడం చూసి చెల్లెలికి అన్నం సయించలేదు. పెద్దమ్మ మాత్రం కిందికి దిగి, ఆదివారమైనా దుకాణం తెరిచి, ఉన్న ఫ్రేములన్నీ ఒక్కొక్కటే తుడుస్తూ కూర్చుంది. పొద్దు వాలుతుండగా ఆమె అద్దాల బీరువాలో ఒక మనిషి నీడ పడింది.

చొక్కా వీపుకు అంటుకుపోయింది. కళ్ళు లోపలికి పోయాయి. ఒక బూటు తాడు ఊడి నేల మీద ఈడుస్తోంది. పట్నంలో కౌంటరు దగ్గర నేరుగా వెళ్ళే విమానానికి టికెట్టు అడిగితే లోపలివాడు పక్కవాణ్ణి పిలిచి మరీ నవ్వాడట. తర్వాత మహానగరం, ఆ హాలు, ఆ కుర్చీలు. రెండో విమానం కూడా ఆలస్యమట. ముందు విమానాల కంపెనీని తిట్టాడు, తర్వాత విమానాశ్రయాన్ని తిట్టాడు. పెద్దమ్మ చేతిలోని గుడ్డ కింద పెట్టలేదు. చివరికి తిట్టడానికి ఇంకెవరూ మిగలక ఆగాడు.

"మధ్యలో విమానమే లేదట వదినా. నాకెవరూ చెప్పలేదు."

"అట కాదు. లేదు. చెప్పాం. గుమ్మంలో నిలబడి చెప్పాను, ఫొటోలు పంపాను. నువ్వు గడియారం చూస్తూ కూర్చున్నావు. దాహమేస్తోందా?"

"ఉదయం నుంచి ఏం తాగలేదు. అక్కడ ఆ క్యూలో..."

"పైకి వెళ్ళు. నీ కూతురు ఎందుకు తాగలేదో అది చెప్తుంది. నీకంటే బాగా చెప్తుంది."

మెట్ల మీద అతని అడుగుల చప్పుడు విని పిడుగు లేచి కూర్చుంది. తండ్రి గుమ్మంలో కనిపించగానే రెండు చేతులూ చాచింది. అంతలో కిటికీ అవతల చీకటి పడుతుండడం చూసి, చేతులు మధ్యలోనే ఆపేసింది. మొహం నిండా భయం.

"నాన్నా, నువ్వు కూడా లేటయ్యావా? నిన్ను కూడా ఎవరి దగ్గర్నుంచైనా తీసేస్తారా?"

ఆ ప్రశ్నకు ముందు అర్థం తెలియక అతను భార్య వైపు చూశాడు. ఆమె చెప్పింది. నీళ్ళ సంగతి, బడి సంగతి, మంట సంగతి, డయాలసిస్ గదిలో రోగి వివరాలు చెప్పినట్టు, ఒక్క తిట్టు కూడా కలపకుండా చెప్పింది. అతను మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. ఆ రాత్రి కింద దుకాణంలో బల్ల మీద పడుకున్నాడు. గుమ్మం పక్కన సర్ది ఉంచిన సంచీ జోలికి వెళ్ళలేదు.

మర్నాడు పిల్లను పక్కింట్లో ఉంచి, తల్లీ తండ్రీ పెద్దమ్మా ముగ్గురూ కలిసి న్యాయస్థానంలోని ఆ గదికి వెళ్ళారు. తండ్రి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. ఇకపై తానే వస్తానని, తీరిక దొరికినప్పుడు వచ్చి రెండు రోజులుంటానని, బడి సెలవుల్లో పిల్ల తన దగ్గర నాలుగు వారాలు ఉంటే చాలునని, ఒకే ఒక్క ప్రయాణమని రాసిచ్చాడు. పిల్ల తల్లి దగ్గరే ఉంటుంది. అధికారి ఎంతో సంతోషించాడు. భార్యాభర్తలు ఇలా సామరస్యంగా రావడం తన కుర్చీకే గౌరవమన్నాడు. అందరినీ మంచినీళ్ళు తాగమన్నాడు.

పెద్దమ్మ తాగలేదు. పాత ఉత్తర్వులోని ఆ వాక్యం కొట్టేయమంది. అధికారి అర్థం కానట్టు చూశాడు. కొత్త ఏర్పాటు వచ్చాక పాత వాక్యంతో ఎవరికీ నష్టం లేదు కదా అన్నాడు. అది రికార్డయిన విషయమని, రికార్డయిన దూరాన్ని తాను మార్చలేనని, పైగా దూరం తప్పేమీ కాదని, నాలుగు వందల పన్నెండు కిలోమీటర్లు ఎవరు కొలిచినా నాలుగు వందల పన్నెండేనని నచ్చజెప్పాడు.

"ఒక్క మాట చెప్పండి సార్. దాని జ్వరం ఎక్కడ రికార్డు చేస్తారు?"

"అమ్మా, ఇప్పుడంతా సుఖాంతమైంది కదా."

బయట వరండాలో బల్ల మీద ఒక అమ్మాయి చంకలో బిడ్డతో కూర్చుని మళ్ళీ తన వంతు కోసం చూస్తోంది. చేతిలో కొత్త ఉత్తర్వు, సిరా వాసన ఇంకా పోలేదు. పెద్దమ్మ అడిగి తీసుకుని చదివింది. అదే అచ్చు, అదే వాక్యం, అంకె మాత్రం వేరు: నలభై నిమిషాలు. బిడ్డ వెళ్ళవలసిన ఆ ఊరి విమానాశ్రయానికి తాళం వేసి చాలా ఏళ్ళయిందని, రన్‌వే మీద ఇప్పుడు వడ్లు ఎండబోస్తారని ఆ అమ్మాయే చెప్పింది. ఆ సంగతి లోపల చెప్పావా అని అడిగితే, చెప్పానండీ, తెర మీద చూపిస్తోందన్నారు అంది. పెద్దమ్మ ఆ కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టి, పక్కన కూర్చుంది. తన దుకాణం ఆ రోజు తెరవలేదు. ఆ అమ్మాయి వంతు వచ్చినప్పుడు ఆమెతో పాటు మళ్ళీ లోపలికి వెళ్ళింది.

పిడుగు జ్వరం తగ్గింది. మళ్ళీ కుర్చీలో కుదురుగా ఉండడం లేదు. కాని ఇప్పటికీ, ఇంట్లో తన గ్లాసుతో తాను నీళ్ళు తాగేటప్పుడు కూడా, ముందు ఒకసారి ఎవరో ఒక పెద్దవాళ్ళ మొహం వైపు చూస్తుంది.

ఇది చదువుతున్న మీలో, ఒకరి ప్రయాణం మీద సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్ళు ఉంటారు. బడి మూసేసి పక్క బడి ఎంతో దూరం లేదని రాసేవాళ్ళు, ఆసుపత్రి ఎత్తేసి పెద్దాసుపత్రి ఎంతసేపని రాసేవాళ్ళు, బిడ్డను రెండు ఊళ్ళకు పంచి మధ్యలో ఒక నీలిగీత గీసేవాళ్ళు. కలం కింద పెట్టండి. లేవండి. ఎవరి పేరు ఆ కాగితం మీద ఉందో వాళ్ళ చెయ్యి పట్టుకుని, వాళ్ళ సంచీ మీ భుజాన వేసుకుని, వాళ్ళ గుమ్మం నుంచి మీరు రాసిన ఆ గుమ్మం దాకా ఒక్కసారి వెళ్ళి రండి. వచ్చాక సంతకం పెట్టండి.